అరకాసు ఎత్తు ప్రాణి

సంధ్యవేళ దీపములు పెట్టు సమయమున పెంకుటింటి చూరు సందులనుండి చిన్న చిన్న గబ్బిలములు వెలువడి వీధి దీపము చుట్టును గిరగిర తిరుగుట మనలో అనేకులు చూచియే యుందురు. ఆకసమున రెక్కలు చాచి తిరుగుచున్నప్పుడు అవి పిచ్చుకకంటె పెద్దవిగా తోచును. కాని పిచ్చుక 25, 30 గ్రాములు తూగగా, ఈ చిన్న జాతి గబ్బిలము నాలుగైదు గ్రాములు మాత్రమే తూగును. కాసు బంగారము 8 గ్రాములు గదా! ఆ లెక్కన ఇది అరకాసు ఎత్తు ప్రాణి. 2011వ సంవత్సరమున వచ్చిన కొత్త నమూనా రెండు రూపాయల నాణెము 4.85 గ్రాములున్నది. ఆ నాణెము అరచేతిలో నుంచుకొన్నచో ఎంత బరువు తోచునో, పూర్తిగా ఎదిగిన చిన్న గబ్బిలము బరువు ఇంచుమించుగా అంతే.

ఆ నాలుగైదు గ్రాములలోనే గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు, దంతములు, పిల్లకు పాలిచ్చు గ్రంథులు, చీకటిలో దారి తెలిసికొను సాధనము, సర్వమును ఇమిడియున్నవి. వేడి రక్తము గల జంతువు ఇంత తక్కువ బరువుతో జీవించుట సులభమైన పని కాదు. అందుచేత చిన్న గబ్బిలము బరువెంత యను ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానము చెప్పుటకు వీలులేదు. దాని బరువు ప్రతి రాత్రియు మారుచుండు జమాఖర్చుల పద్దు వంటిది. ఆ పద్దును కొంచెము విప్పి చూచుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ప్రపంచమున 1,400కు పైగా గబ్బిలపు జాతులు కలవు. మన ఊళ్ళలో మఱ్ఱిచెట్లకును చింతచెట్లకును తలక్రిందులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలము కిలోన్నర వరకు తూగును. రెక్కలు చాచినచో నాలుగైదు అడుగుల వెడల్పుండును. అది పండ్లు తిని బ్రతుకునది. చూరు సందులలోను, గోడ పగుళ్ళలోను, ఒక్కొక్కప్పుడు గోడకు వ్రేలాడు పటముల వెనుకను దాగియుండు చిన్నవి పురుగులను తిని బ్రతుకునవి. వీనిలో ఒక పెద్ద కుటుంబమునకు శాస్త్రజ్ఞులు పిపిస్ట్రెల్ అని పేరు పెట్టిరి. ఇటలీ భాషలో గబ్బిలమునకు వాడు మాటనుండి ఆ పేరు వచ్చినది. ఆ మాటకు మూలమైన లాటిను పదమున సాయంకాలమను అర్థము ఇమిడియున్నది. మన దేశమున ఈ కుటుంబమునకు చెందిన ఒక జాతికి 1838లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు కోరమండల తీరము పేరు మీదుగా ‘కోరమాండ్రా’ యని నామకరణము చేసెను.

ఐతే ఈ కుటుంబమంతటిలో మిక్కిలి శ్రద్ధగా తూచి, కొలిచి, విని, వెంబడించి పరిశీలింపబడినది ఐరోపాలోని సాధారణ పిపిస్ట్రెల్. అచ్చట కూడ అది ఇండ్ల కప్పులలోనే కాపురముండును. దాని సంగతులు తెలిసికొన్నచో మన చూరులోని దాని చుట్టముల సంగతులును చాలవరకు బోధపడును.

సాధారణ పిపిస్ట్రెల్ శరీరము పొడవు 35 నుండి 45 మిల్లీమీటర్లు, అనగా మన బొటనవ్రేలంత. రెక్కలు ముడుచుకొన్నచో అగ్గిపెట్టెలో ఇముడగలదు. రెక్కలు చాచినప్పుడు మాత్రము ఒక కొననుండి మరియొక కొనకు 20 నుండి 23 సెంటీమీటర్లు. దీని బరువు 3 నుండి 8 గ్రాములని గ్రంథములలో వ్రాయబడియున్నది. ఈ అంకెలను చూడగానే ఒక సందేహము కలుగును. ఒకే జాతిలో, పూర్తిగా ఎదిగిన ప్రాణులలో, ఒకటి 3 గ్రాములు, మరియొకటి 8 గ్రాములు ఎట్లు తూగును? తూచినవారు పొరపడిరా?

పొరపాటు లేదు. గబ్బిలమును తూచువారు దానిని పలుచని గుడ్డసంచిలో నుంచి, సంచిని తూచి, పిదప ఖాళీసంచి బరువును తీసివేయుదురు. అది ఏ వేళ తూచిరో, ఏ నెలలో తూచిరో, ఆడుదియో మగదియో కూడ వ్రాసికొందురు. ఏలయన ఈ వివరములు లేని బరువునకు అర్థము లేదు. కనుకనే పరిమాణమును తెలుపుటకు వారు బరువుకంటె ముంజేతి ఎముక పొడవును ఎక్కువగా నమ్ముదురు. శరీరము మెత్తనిది, పట్టుకొన్నప్పుడు సాగును, ముడుచుకొనును. ముంజేతి ఎముక మాత్రము ఎదుగుదల పూర్తియైన తరువాత మారదు. సాధారణ పిపిస్ట్రెల్‌కు అది సుమారు 3 సెంటీమీటర్లుండును. పిల్లయో పెద్దయో తెలియనప్పుడు రెక్కను వెలుతురునకు అడ్డముగా పట్టి వ్రేళ్ళ కీళ్ళను చూతురు. లేత ప్రాణియైనచో కీళ్ళవద్ద ఇంకను ఎముకగా గట్టిపడని భాగము వెలుతురు సోకి పారదర్శకముగా కనబడును. ఇట్లు ఎముక స్థిరముగా నుండగా బరువు మాత్రము హెచ్చుచు తగ్గుచుండును. ఎందుచేత?

మొదట ఖర్చు సంగతి చూతము. గుండిగెడు వేడినీళ్ళు చాలసేపు వేడిగా నుండును. అంతే వేడి గల నీళ్ళను ఉగ్గుగిన్నెలో పోసినచో క్షణములో చల్లారును. కారణము సులభము. ఒక వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు రెండేసి రెట్లు పెరిగినచో దాని ఉపరితలము నాలుగు రెట్లు పెరుగును. బరువు ఎనిమిది రెట్లు పెరుగును. చిన్నదైన కొలది బరువునకు తగినదానికంటె ఉపరితలమే ఎక్కువగా మిగులును. వేడి పోవునది ఆ ఉపరితలము నుండియే. గబ్బిలమునకు దీనికి తోడు పలుచని చర్మపు రెక్కలు రెండు కలవు. కావున దాని దేహము ఉగ్గుగిన్నెలోని నీటివలె నిరంతరము వేడిని కోల్పోవుచుండును. ఆ వేడిని నిలుపుకొనుటకును, ఎగురుటకును ఆహారము కావలయును.

ఇక ఆదాయము. చిన్న గబ్బిలములు ఎంత వేగముగా ఆహారము సంపాదించునో అమెరికాలో డోనాల్డ్ గ్రిఫిన్, ఆయన సహచరులు త్రాసు సహాయముననే కనుగొని 1960లో ప్రకటించిరి. గదిలో చిన్న పురుగులను విడిచి, గబ్బిలమును ముందుగా తూచి, కొంతసేపు వేటాడనిచ్చి, మరల తూచిరి. పెరిగిన బరువును ఒక్కొక్క పురుగు బరువుచే భాగించగా, వేట వేగము నిమిషమునకు 10 దోమల వరకు నుండునని తేలినది. దోమ బరువు సుమారు 2 మిల్లీగ్రాములనుకొన్నచో నిమిషమునకు 20 మిల్లీగ్రాములు. అదే వేగము గంటసేపు సాగినచో 1.2 గ్రాములు. ఐదు గ్రాముల ప్రాణి గంటలో తన బరువులో నాలుగవ వంతు తిన్నట్లు లెక్క! బయట చీకటిలో పురుగులు ఇంత దట్టముగా ఎల్లప్పుడును దొరకవు. ఐనను సాధారణ పిపిస్ట్రెల్ ఒక్క రాత్రిలో 3,000 వరకు చిన్న పురుగులను తినగలదని అంచనా వేసియున్నారు. సాయంకాలము ఆకలితో వెలువడినప్పుడు ఒక బరువు, కడుపు నిండి మరలివచ్చినప్పుడు మరియొక బరువు ఉండుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆదాయము లేని వేళ ఏమి చేయవలెను? గృహస్థు ఖర్చు తగ్గించుకొన్నట్లే గబ్బిలమును తగ్గించుకొనును. పగటివేళ సందులో దాగియున్నప్పుడు అవసరమైనచో శరీరపు వేడిని పరిసరముల వేడితో సమానమగువరకు దిగజార్చి, గుండె వేగమును మిక్కిలి తగ్గించి, జడముగా పడియుండును. చలిదేశములలో శీతకాలమున పురుగులు దొరకవు గనుక ఈ జడత్వము వారములు, నెలలు సాగును. అందుకొరకు ఆకురాలు కాలముననే అది క్రొవ్వును కూడబెట్టుకొనును. అప్పుడు దాని బరువు సుమారు నాలుగవ వంతు పెరుగును. వసంతము వచ్చునప్పటికి ఆ నిల్వ అంతయు తరిగిపోవును. నిద్రలో నున్న గబ్బిలమును మనుష్యులు కదిలించి మేల్కొల్పినచో దేహమును మరల వేడిచేసికొనుటకు ఎంతో క్రొవ్వు వ్యర్థమగును. పలుమార్లు అట్లు జరిగినచో వసంతము రాకముందే నిల్వ అయిపోయి అది మరణించును. ఒక గ్రాములో కొంత భాగమే దానికి జీవనమరణములను నిర్ణయించునది.

ఆడు గబ్బిలము విషయమున పద్దులో మరియొక బరువు చేరును. అప్పుడే పుట్టిన గబ్బిలపు పిల్ల తల్లి బరువులో ఐదవ వంతునుండి నాలుగవ వంతు వరకు తూగును. అరువది కిలోల స్త్రీ పండ్రెండు, పదునైదు కిలోల శిశువును కన్నట్లు ఊహించుకొనుడు. ఆ బరువుతోనే తల్లి ప్రతి రాత్రియు ఎగిరి పురుగులను పట్టి తినవలెను. ప్రసవించిన తరువాత పాలిచ్చుటకు తానింకను ఎక్కువగా తినవలెను. పిపిస్ట్రెల్ తల్లులు వేసవిలో వందలకొలదిగా ఒకే కప్పు క్రింద చేరుట ఇందుకొరకే. వెచ్చని చోట ఒకదానినొకటి ఆనుకొని యున్నచో వేడికై పెట్టు ఖర్చు తగ్గి, ఆ మిగులు పాలుగా మారును.

ఇంత పొదుపరి ప్రాణి రాత్రియంతయు ఎడతెగక కేకలు వేయును. ఆ ఖర్చును ఎట్లు భరించుచున్నది? గబ్బిలము తన కేకల ప్రతిధ్వనులను విని దారిని, ఆహారమును తెలిసికొనును. దాని ధ్వని మన చెవికి వినబడదు. మన వినికిడి సెకనుకు 20,000 కంపనములవద్ద ఆగిపోవును. ఈ ధ్వనిని మొదట యంత్రసహాయమున విన్నవారిలో ఒకడు రేడియో ప్రపంచమునకు సుపరిచితుడు. ప్రసార కేంద్రముల తరంగసంఖ్యను చలింపక నిలుపు స్ఫటిక డోలక వలయములలో ఒకదానికి పియర్స్ పేరున్నది. ఆ జార్జి వాషింగ్టన్ పియర్స్ హార్వర్డు విశ్వవిద్యాలయమున నిర్మించిన పరికరము ముందు, అప్పటికి విద్యార్థియైన గ్రిఫిన్ గబ్బిలములను తెచ్చి ఉంచగా, నిశ్శబ్దముగా తోచిన ఆ ప్రాణులు నిజమునకు గట్టిగా అరచుచున్నట్లు 1938లో వెల్లడియైనది.

నేటి గబ్బిల శ్రావక యంత్రములలో ఒక రకము పనిచేయు విధము మన ఇంటి రేడియో పద్ధతియే. రేడియో తనకు వచ్చిన తరంగమును తనలో పుట్టించుకొన్న మరియొక తరంగముతో కలిపి, రెండింటి భేదమును గ్రహించును. ఈ యంత్రమున రేడియో తరంగమునకు బదులు గబ్బిలపు ధ్వనిని మైక్రోఫోను విద్యుత్తరంగముగా మార్చి ఇచ్చును. 45 కిలోహెర్ట్‌జుల ధ్వనికి 43 కిలోహెర్ట్‌జుల తరంగమును కలిపినచో భేదము 2 కిలోహెర్ట్‌జులు. అది మనకు వినబడును. ఒకప్పుడు కిలోసైకిళ్ళని పిలిచిన కొలతనే ఇప్పుడు కిలోహెర్ట్‌జులనుచున్నారు. ముల్లు త్రిప్పి స్టేషను పట్టినట్లే గబ్బిలపు జాతిని పట్టవచ్చును.

అట్లు వినుచుండగా ఒక వింత బయటపడినది. ఒకే జాతియని తలచిన పిపిస్ట్రెల్‌లలో కొన్ని సుమారు 45 కిలోహెర్ట్‌జులవద్ద, మరికొన్ని 55 వద్ద పలుకుచున్నవనియు, బహుశః ఇవి రెండు జాతులు కావచ్చుననియు గారెత్ జోన్స్, సోఫీ వాన్ పారిజ్ అనువారు 1993లో ప్రకటించిరి. 1997లో వంశపదార్థ పరీక్ష దానిని రూఢి చేసినది. ఈ రెండు జాతుల బరువులును, ముంజేతి కొలతలును ఒకదానిలో ఒకటి కలిసిపోవును గనుక త్రాసు గాని కొలబద్ద గాని వీనిని వేరుచేయలేకపోయినవి. శతాబ్దములుగా మనుష్యుల ఇండ్లలోనే కాపురమున్న ప్రాణి ఒకటి కాదు, రెండని వాని కంఠస్వరమే తెలిపినది.

స్వరమునకును దేహపరిమాణమునకును సంబంధమున్నది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును. ఆ లెక్కన 45 కిలోహెర్ట్‌జుల ధ్వనితరంగము పొడవు ఏడున్నర మిల్లీమీటర్లు. తరంగము పురుగుకంటె మరీ పొడవైనచో ప్రతిధ్వని సరిగా తిరిగిరాదు. చిన్న నోటికి తగినవి చిన్న పురుగులు. చిన్న పురుగులకు తగినది పొట్టి తరంగము, అనగా హెచ్చు స్వరము. ఇక కేకల ఖర్చు మాట. స్కాట్లండులోని ఆబర్డీన్‌లో జాన్ స్పీక్‌మన్, పాల్ రేసీ పండితులు ఎగురుచున్న పిపిస్ట్రెల్‌ల శక్తివ్యయమును కొలిచి, కేకల కొరకు వేరుగా చెప్పుకోదగిన ఖర్చు లేదని 1991లో తెలిపిరి. రెక్క కొట్టు కండరముల ఊపుతోడనే ఊపిరి వెడలుచు కేకయు వెడలును. ఒకే శ్రమతో రెండు పనులు నెరవేరుచున్నవి.

గబ్బిలము ఎచ్చటికి పోవుచున్నదో తెలిసికొనుటకు దాని వీపున చిన్న రేడియో ప్రసారిణిని అంటించు పద్ధతి కలదు. దీనికొక నియమమున్నది: ఆ యంత్రపు బరువు గబ్బిలపు బరువులో నూటికి 5 వంతులు మించరాదు. బరువు పెరిగినకొలది గబ్బిలము చురుకుగా మలుపు తిరుగజాలదని ఆల్డ్రిడ్జ్, బ్రిగమ్ అనువారు 1988లో పరీక్షించి చూపిరి. మలుపు తిరుగలేని గబ్బిలము పురుగును పట్టలేదు. ఐదు గ్రాముల ప్రాణికి ఈ నియమము ప్రకారము దక్కునది పావు గ్రాము. అనగా బ్యాటరీ, తంత్రి, జిగురుతో సహా ప్రసార కేంద్రమంతయు రెండు గురివింద గింజల ఎత్తునకు మించరాదు!

కాలికి తొడిగెడి తేలిక కడియమైనచో ఇంత చిక్కు లేదు. అట్టి కడియమే ఒక అద్భుతమును వెల్లడించినది. పిపిస్ట్రెల్ కుటుంబములో నాథూసియస్ పేరుగల జాతి ఒకటి కలదు. లండను నగరపు శివారున 2016లో కడియము తొడిగిన ఈ జాతి ఆడు గబ్బిలమొకటి 2021లో రష్యాలోని ప్స్కోవ్ ప్రాంతమున దొరకినది. రెండు చోట్లకు నడుమ దూరము 2,000 కిలోమీటర్లకు పైగా నున్నది. దాని బరువు 8 గ్రాములు, కాసు బంగారమంత! పాపము, అంత దూరము పోయిన ఆ ప్రాణి పిల్లి వాతబడి మరణించినది.

ఇంతకంటె చిన్న గబ్బిలములు లేవా యని మీరడుగవచ్చును. థాయిలాండు, మయన్మారు దేశముల సున్నపురాతి గుహలలో ఒక జాతి కలదు. దాని పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. బరువు సుమారు 2 గ్రాములు, పావుకాసు. కిట్టి థాంగ్‌లాంగ్య అను థాయి శాస్త్రజ్ఞుడు 1973లో దానిని కనుగొని, 1974 ఆరంభమున మరణించెను. అదే సంవత్సరము బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్స్ హిల్ దానిని వర్ణించి ఆ దివంగతుని పేరు పెట్టెను. బరువులో దీనికి పోటీ యిచ్చు క్షీరదము ఎట్రుస్కన్ చుంచు ఒక్కటే. పొడవు లెక్కన చూచినచో క్షీరదములన్నిటిలో ఈ గబ్బిలమే కనిష్ఠము. ఆదాయవ్యయముల పద్దు ఏ మాత్రము సరితూగగల తుది మెట్టు బహుశః ఇదియే కావచ్చును.

ఇంత చిన్న దేహమునకు ఆయుస్సు కూడ చిన్నదిగా నుండునని తలంతుము. చుంచులు ఒకటి రెండేండ్లకంటె బ్రతుకుట అరుదు. కాని సైబీరియాలో కడియము తొడిగిన బ్రాండ్ట్ జాతి గబ్బిలమొకటి 41 సంవత్సరముల తరువాత 2005లో సజీవముగా మరల దొరకినది. దాని జాతి బరువు 10 గ్రాములకు లోపే. దీర్ఘాయువు గల ఈ ప్రాణులు సంతానమును మెల్లగా పెంపొందించుకొనును. బ్రిటనులో సాధారణ పిపిస్ట్రెల్ ఏడాదికి సాధారణముగా ఒక్క పిల్లనే కనును. మన దేశపు జాతులలో కవలలు కలుగుట కలదు. ఐనను ఎలుకల సంతానముతో పోల్చదగినది కాదు.

ఇచ్చటనే మనము ఆలోచింపవలసిన విషయమున్నది. నూరు చిన్న గబ్బిలములను ఒకచో చేర్చి తూచినను అరకిలో మించదు. చూరు సందులో పొగ వేసి ఒక్క సాయంకాలమున ఆ నూటిని చంపుట సులభము. మరల ఆ నూరు ఏర్పడుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లలో రాత్రిరాత్రి అవి తినవలసిన దోమలు, పైరు పురుగులు అట్లే మిగిలిపోవును. పెంకుటిండ్లు పోయి సందులు లేని కప్పులు వచ్చుచున్న ఈ కాలమున వానికి తలదాచుకొను చోటులును తగ్గుచున్నవి. పాతయింటి చూరు బాగుచేయింపక తప్పదనుకొన్నచో, ఎగురలేని పిల్లలున్న దినములు గడచిన పిదప, పెద్దవి రాత్రి వేటకు వెడలిపోయిన తరువాత సందులు మూయించుట మేలు. నేల బడిన గబ్బిలమును ఒట్టి చేతితో ముట్టరాదు; కరచినచో గాయమును సబ్బుతో బాగుగా కడిగి వెంటనే వైద్యుని చూడవలెను. దూరమునుండి చూచుటవలన మాత్రము ఏ హానియు లేదు.

రేపు సాయంకాలము వీధి దీపమువద్ద అవి తిరుగుచుండగా చూచినప్పుడు ఒక్క లెక్క జ్ఞప్తియందుంచుకొనుడు. ఆ తిరుగుచున్నది అరకాసు ఎత్తు ప్రాణి. తెల్లవారులోపల తన బరువులో కొంత వంతు సంపాదింపనిచో దాని పద్దు కుదురదు. అది చేయుచున్న ఆ ప్రదక్షిణములన్నియు ఆ పద్దు కొరకే. అందువలన మనకు కలుగు లాభము దోమలు తగ్గుట.